పసుపు ముద్ద, తెల్ల ఈక: యుద్ధం వద్దనేవాళ్ళు తమ ప్రభుత్వాన్ని ఏమడుగుతారు?

ఒంగోలులో మా చర్చిలో ఆదివారం ప్రార్థనకు ఒక వరస ఉంటుంది. ముందు జబ్బుపడ్డవాళ్ళ పేర్లు, తర్వాత పరీక్షలు రాసే పిల్లలు, ఆ తర్వాత వానలు, పంటలు. చివర్లో "యుద్ధాలు ఆగాలి ప్రభువా" అని ఒక మాట. 2022 ఫిబ్రవరి నుంచి ఆ మాటలోకి ఉక్రెయిన్ పేరు వచ్చింది. 2023 అక్టోబరు తర్వాత ఇజ్రాయెల్, గాజా పేర్లు చేరాయి. అందరం ఆమెన్ అంటాం. బయటికొచ్చి, చెప్పులు వెతుక్కొని, మధ్యాహ్నం కూర ఏమిటా అనుకుంటూ ఇళ్ళకు పోతాం.

2024 జనవరిలో ఒక వీడియో నా ఫోన్‌కి వచ్చింది. వాషింగ్టన్‌లో కాంగ్రెస్ సభ్యుల ఆఫీసులుండే భవనం. నున్నటి రాతినేల మీద కొంతమంది ఆడామగా కూర్చొని కీర్తనలు పాడుతున్నారు. వాళ్ళు మెన్నొనైట్లు అనే క్రైస్తవులు. గాజాలో కాల్పులు ఆగాలి, అందుకు తమ ప్రభుత్వం పూనుకోవాలి అన్నది వాళ్ళ కోరిక. ఆ రోజు వందమందికి పైగా అరెస్టయ్యారు.

మా బాబాయికి చూపించాను. చర్చి లెక్కలు రాసే మనిషి, దేన్నీ ఊరికే ఒప్పుకోడు. మొత్తం చూసి, "పాట బాగానే ఉందిరా. కానీ యుద్ధం చేసేది అక్కడోళ్ళు గదా. వీళ్ళు వాషింగ్టన్‌లో కూర్చొని పాడితే ఎవరికి వినపడుద్ది? పోయి అక్కడోళ్ళకి చెప్పమను" అన్నాడు.

చాలామందికి వచ్చే సందేహమే ఇది. దీనికి నాలుగు మాటల్లో జవాబు చెబుదామని మొదలుపెట్టి, నూట డెబ్భై ఏళ్ళు వెనక్కి పోవాల్సి వచ్చింది.

ముందు ఎవరు ఎవరో తేల్చుకుందాం. యుద్ధం పాపం అని నమ్మే క్రైస్తవులందరూ ఒక గుంపు కాదు. అందులో మూడు పాత శాఖలను కలిపి శాంతి చర్చీలు అంటారు: క్వేకర్లు, మెన్నొనైట్లు, చర్చ్ ఆఫ్ ది బ్రెదరన్ వాళ్ళు. మన గోదావరి వైపు కనిపించే బ్రదరన్ అసెంబ్లీలు వేరు, పేరు చూసి పొరపడకూడదు. ఈ మూడు శాఖల్లో ఆయుధం పట్టకపోవడం చర్చి బోధనలోనే భాగం. క్వేకర్లు 1660లోనే ఇంగ్లండు రాజు రెండో చార్లెస్‌కు ఆ మాట రాసిచ్చారు.

మా ఒంగోలు, నెల్లూరు బాప్టిస్టులం ఆ కోవలోకి రాము. మాకు సువార్త తెచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషన్ యుద్ధం తప్పు అని ఎప్పుడూ నియమం పెట్టలేదు. అయితే తెలుగునేల మీద శాంతి చర్చి లేకపోలేదు. మహబూబ్‌నగర్, గద్వాల, వనపర్తి వైపు మెన్నొనైట్ బ్రెదరన్ సంఘాలున్నాయి. వాటి మొదళ్ళు వెతుకుతూ పోతే ఉక్రెయిన్‌కే చేరతాం. అప్పట్లో రష్యా సామ్రాజ్యంలో ఉన్న ఆ నేల మీద జర్మన్ మాట్లాడే మెన్నొనైట్ రైతులను, సైన్యంలో చేరనక్కర్లేదన్న హామీతో, మహారాణి కేథరిన్ దింపింది. అక్కడి నుంచే అబ్రహాం ఫ్రీజన్ అనే మిషనరీ 1889లో ఇటు వచ్చి, మా బాప్టిస్టు మిషన్ నీడనే నల్లగొండలో పనిచేశాడు. ఈ సంగతి తెలిశాక, ఆదివారం ప్రార్థనలో ఉక్రెయిన్ పేరు వినపడితే నాకది పరాయి ఊరు పేరులా అనిపించడం లేదు.

ఇక బాబాయి ప్రశ్న. పోయి అవతలివాళ్ళకి చెప్పొచ్చు గదా? చెప్పినవాళ్ళున్నారు.

ఒంగోలు వాళ్ళందరికీ 1854 జనవరి 1 తెలుసు. ఆ తెల్లవారుజామున అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జువెట్ దొరతో కలిపి ఐదుగురు ఊరి పక్కన కొండెక్కి ప్రార్థన చేశారు. అందుకే దానికి ప్రార్థన కొండ అని పేరు. సరిగ్గా ఆ నెలలోనే లండన్ నుంచి ముగ్గురు క్వేకర్లు రష్యా బయల్దేరారు. జోసెఫ్ స్టర్జ్, రాబర్ట్ చార్ల్‌టన్, హెన్రీ పీజ్. టర్కీ విషయంలో రష్యాతో బ్రిటన్ యుద్ధానికి దిగబోతున్న రోజులవి. వీళ్ళు రైలున్నంత దూరం రైల్లో, ఆ పైన మంచు మీద లాగే బండ్లలో ప్రయాణించి, ఫిబ్రవరి 10న సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో జార్ చక్రవర్తి నికోలస్‌ను కలిశారు. తమ సమాజం తరఫున రాసుకొచ్చిన విన్నపం చదివి వినిపించారు. జార్ కోప్పడలేదు. తనకూ యుద్ధం ఇష్టం లేదన్నాడు, మర్యాదగా మాట్లాడాడు, మర్యాదగానే సాగనంపాడు. మార్చి 28న బ్రిటన్ యుద్ధం ప్రకటించింది.

ఇంగ్లండులో పత్రికలు వాళ్ళను ఏకిపారేశాయి. శత్రువు ఇంటికి వెళ్ళి చేతులు కట్టుకు నిలబడ్డారన్నాయి.

మనకిది వింత కాకూడదు. నెల్లూరులో కూర్చొని తిక్కన తెలుగు చేసిన ఉద్యోగపర్వం నిండా రాయబారాలే. ఐదూళ్ళిస్తే చాలని అడగడానికి సాక్షాత్తూ కృష్ణుడే వెళ్ళాడు. కానీ ఆ రాయబారానికీ ఈ రాయబారానికీ ఒక తేడా ఉంది. కృష్ణుడి వెనక ఏడు అక్షౌహిణులున్నాయి. కాదంటే ఏమవుతుందో సభలో అందరికీ తెలుసు. స్టర్జ్ వెనక సైన్యం లేదు, సొంత ప్రభుత్వం కూడా లేదు. నా దేశం సంగతి నేను చూసుకుంటాను, నీ దేశం సంగతి నువ్వు చూడు అని జార్‌కు మాట ఇవ్వగల స్థితి లేదు. అవతలివాడితో మాట్లాడాలన్నా, మన వైపు నుంచి ఒప్పించి తీసుకెళ్ళే మాట ఒకటి ఉండాలి. ఆ మాట సొంత ప్రభుత్వం దగ్గరే దొరుకుతుంది.

ఆ పని పార్లమెంటులో ఇంకో క్వేకరు భుజానేసుకున్నాడు. జాన్ బ్రైట్. ఇండియాలో ఇంగ్లీషు పాలన తీరు మారాలని కూడా గట్టిగా వాదించిన మనిషి. 1855 ఫిబ్రవరిలో సభలో నిలబడి, మృత్యుదూత ఈ దేశమంతా తిరుగుతోంది, దాని రెక్కల చప్పుడు దాదాపు వినపడుతోంది అన్నాడు. సభ నిశ్శబ్దంగా విన్నది. యుద్ధం ఆ మాటకు ఆగలేదు. 1857 ఎన్నికల్లో మాంచెస్టర్ ఓటర్లు ఆయన్ను ఓడించారు.

నాకు వీటన్నిటికంటే ఎక్కువగా పట్టింది స్టర్జ్ ఆ తర్వాత చేసిన పని. బ్రిటిష్ నౌకాదళం 1854లో ఫిన్లాండ్ తీరంలో రేవు ఊళ్ళ మీద పడి, మామూలు జనం పడవల్ని, కలప అడితీల్ని, తారు నిల్వల్ని తగలబెట్టింది. ఫిన్లాండ్ అప్పుడు రష్యా ఏలుబడిలో ఉంది, అంటే శత్రుదేశం. యుద్ధం ముగిశాక 1856లో స్టర్జ్ అక్కడికి వెళ్ళి కాలిపోయిన ఊళ్ళు చూసి, తిరిగొచ్చి, ఆ జనం కోసం ఇంగ్లండులో చందాలు వసూలు చేశాడు. ఆయన బర్మింగ్‌హామ్‌లో ధాన్యం వ్యాపారి. సారా బట్టీలకు పోతుందని బార్లీ వ్యాపారం వదులుకున్నవాడు. తన చేతిమీదుగా పోయే ప్రతి బస్తా ఎక్కడికి పోతుందో చూసుకునేవాడికి, తన పన్నుతో నడిచే ఓడ ఎవరి పడవను కాల్చిందో కూడా తన లెక్కలోనే పడింది.

అదీ అసలు సంగతి. ఈ మనుషులు సొంత ప్రభుత్వాన్నే ఎందుకు అడుగుతారంటే, ఆ యుద్ధంలో తమ చెయ్యి ఉన్నది అక్కడే కాబట్టి. నేను కట్టిన పన్ను, నా పేరు మీద వేసిన ఓటు, నా రేవు నుంచి కదిలే ఓడ. అవతలివాడి పాపం అవతలివాడిది. నా వంతు ఎంత, దాన్ని ఎలా వెనక్కి తీసుకోవాలి అన్నది వీళ్ళ ప్రశ్న.

ఓడ అన్నాను కాబట్టి 1971 సంగతి చెప్పాలి. తూర్పు పాకిస్తాన్‌లో సైన్యం మారణకాండ చేస్తోంది. శరణార్థులు లక్షల్లో బెంగాల్లోకి వస్తున్నారు. అమెరికా ఆయుధాలు ఇంకా పాకిస్తాన్ ఓడల్లో పోతూనే ఉన్నాయి. జూలైలో పద్మ అనే పాకిస్తాన్ సరుకు ఓడ బాల్టిమోర్ రేవుకి వస్తోందని తెలిసి, కొందరు క్వేకర్లు, వాళ్ళ స్నేహితులు తెడ్లు వేసుకునే చిన్న పడవల్లో దానికి అడ్డం వెళ్ళారు.

కృష్ణపట్నం రేవు దగ్గర నిలబడి చూసినవాళ్ళకు ఆ దృశ్యం ఊహకందుతుంది. లోపలికి వచ్చే ఓడ పక్కన మన జాలర్ల పడవే అగ్గిపెట్టెలా కనపడుతుంది. వీళ్ళవి అంతకంటే చిన్నవి, ఇద్దరు కూర్చుంటే నిండిపోయేవి. పోలీసులు వచ్చి పట్టుకుపోయారు, ఓడ రేవు చేరింది. కానీ ఆ ఫొటోలు, వార్తలు దేశమంతా చూసింది. తర్వాత ఫిలడెల్ఫియాలో రేవు కూలీలు పాకిస్తాన్ ఓడలో సరుకు ఎక్కించబోమని కూర్చున్నారు. కూలి పోయినా సరే అన్నారు. నవంబరుకి ప్రభుత్వం మిగిలిన ఆయుధాల లైసెన్సులు రద్దు చేసింది. అదంతా ఆ పడవల వల్లే జరిగిందని నేను అనను. కాంగ్రెస్‌లో ఒత్తిడి ఉంది, పత్రికలున్నాయి. పడవలు కూడా ఉన్నాయి.

వాళ్ళ కోరిక ఎంత కొలతగా ఉందో గమనించండి. "ప్రపంచంలో శాంతి రావాలి" అనలేదు. ఈ ఓడలోకి ఈ సరుకు ఎక్కకూడదు అన్నారు. ఇలా అడగడం నేర్చుకోవడానికి వాళ్ళకు చాలా ఏళ్ళే పట్టింది. క్వేకర్లు 1943లో వాషింగ్టన్‌లో దీనికోసమే ఒక ఆఫీసు తెరిచారు. వాళ్ళు అడిగేవి ఎక్కువగా ఇలాంటివే: ఫలానా దేశానికి ఆయుధాల అమ్మకం ఆపండి, కాల్పుల విరమణకు మీ మాట వాడండి, ఆంక్షలు పెట్టినా మందులకు, తిండికి దారి వదలండి, పారిపోయి వచ్చినవాళ్ళకు చోటివ్వండి. న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి దగ్గర వాళ్ళకొక ఇల్లుంది. ఒకరి ముఖం ఒకరు చూడని దేశాల దౌత్యవేత్తలను అక్కడికి భోజనానికి పిలుస్తారు. అక్కడ అన్న మాట బయటికి పొక్కదు. అన్నం పెట్టి మాట్లాడించడం మన పెద్దమనుషులు అన్నదమ్ముల పంపకాల్లో చేసే పనే. ఆ పని విలువ మనకు ఒకరు చెప్పక్కర్లేదు.

మరి వీళ్ళు పిరికివాళ్ళా? ఈ మాట మన నేల మీదే చాలా పాతది.

నెల్లూరు ఏలిన మనుమసిద్ధికీ, కనిగిరి సీమలో ఎర్రగడ్డపాటి కాటమరాజుకీ పుల్లరి దగ్గర తగువొచ్చింది. కరువులో ఆవులు మేసిన గడ్డికి పన్ను. అది ముదిరి పాలేటి ఒడ్డున పంచలింగాల దగ్గర యుద్ధమైంది. కవి తిక్కనకు దాయాది అయిన ఖడ్గతిక్కన తన బలగం పోయాక వెనక్కి తిరిగి ఇంటికొచ్చాడు. ఆ తర్వాతి కథ మన దగ్గర పిల్లలు కూడా చెబుతారు. భార్య స్నానానికి నీళ్ళు తోడి, ఆడవాళ్ళకు పెట్టినట్టు నులకమంచం అడ్డుపెట్టి, పసుపు ముద్ద పెట్టింది. తల్లి విరిగిన పాలు పోసి, నీతో పాటు పాలూ విరిగాయి అన్నది. అతను మళ్ళీ వెళ్ళాడు, చనిపోయాడు. గడ్డి పన్ను కోసం.

చిన్నప్పుడు ఆ కథ విని ఒళ్ళు పులకరించేది. ఇప్పుడు ఆ పసుపు ముద్దే కళ్ళముందు కనిపిస్తుంది. సరిగ్గా అలాంటిదే ఇంగ్లండులో 1914 ఆగస్టులో మొదలైంది. యూనిఫాం లేకుండా వీధిలో కనపడిన కుర్రాడి చేతిలో ఆడవాళ్ళు తెల్ల ఈక పెట్టేవాళ్ళు. నువ్వు పిరికివాడివి అని దాని అర్థం. 1916లో నిర్బంధ సైనిక చట్టం వచ్చాక, మనస్సాక్షి ఒప్పుకోదని చెప్పి పదహారు వేలమందికి పైగా సైన్యంలో చేరబోమన్నారు. మినహాయింపు ఇవ్వాలో వద్దో తేల్చే ట్రిబ్యునల్ ముందు నిలబడి, ఊరంతా చూస్తుండగా ఆ మాట చెప్పారు. కొందరు జైళ్ళకు పోయారు. కొందరు క్వేకర్లు అంబులెన్సులు తీసుకొని యుద్ధభూమికే వెళ్ళి, తూటాల మధ్య గాయపడ్డవాళ్ళను మోసుకొచ్చారు. యుద్ధం వద్దనడానికి ఎంత గుండె కావాలో ఖడ్గతిక్కన ఇంటి గడప మీద నిలబెట్టి చూస్తే తెలుస్తుంది.

అలాగని వీళ్ళందరూ చివరిదాకా నిలబడ్డారనీ చెప్పలేను. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యానికి తగిన వయసున్న బ్రిటిష్ క్వేకర్లలో మూడో వంతు మంది దాకా చేరారు. ఉక్రెయిన్ మెన్నొనైట్ల కథ ఇంకా బాధపెడుతుంది. రష్యా విప్లవం తర్వాత మఖ్నో అనే తిరుగుబాటు నాయకుడి దండు ఊళ్ళ మీద పడి దోచుకొని చంపుతుంటే, తరతరాలుగా ఆయుధం ముట్టని ఆ కుటుంబాల కుర్రాళ్ళు 1918లో తుపాకులు పట్టి ఆత్మరక్షణ దళాలు కట్టారు. తర్వాత చర్చి పెద్దలు అది తప్పేనని ఒప్పుకున్నారు. కళ్ళముందు ఇల్లు తగలబడుతున్నవాడిని దూరం నుంచి తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. గాంధీ కూడా అదే 1918లో ఖేడా జిల్లాలో ఊరూరా తిరిగి బ్రిటిష్ సైన్యంలో చేరమని చెప్పాడు. అహింస నమ్మిన మనిషే.

ఇప్పుడు ఉక్రెయిన్ విషయంలో శాంతి చర్చీలు తేల్చుకోలేని చిక్కుముడి ఒకటుంది. దాడికి గురైన దేశానికి ఆయుధాలివ్వడం ఆపమని అడిగితే, దాడి చేసినవాడికి మేలు చేసినట్టు కాదా? 1971లో పద్మకు అడ్డం వెళ్ళినప్పుడు ఈ చిక్కు లేదు. ఆయుధాలు పోతున్నది చంపేవాడికే. కానీ అప్పుడు కూడా చివరికి బంగ్లాదేశ్‌ను విడిపించింది మన సైన్యమే గదా అని బాబాయి అంటాడు. అది నిజం. పూర్తి శాంతివాదుల దగ్గర దానికి నన్ను ఒప్పించే జవాబు నాకు దొరకలేదు. నాకు తోచింది ఇంతే: యుద్ధం న్యాయమైనదా కాదా అని తేల్చేలోపు కూడా అడగగలిగినవి చాలా ఉన్నాయి. ఖైదీల మార్పిడి, ధాన్యం ఓడలకు దారి, ఆసుపత్రుల మీద బాంబులు పడకుండా చూడటం. వీటికి ఎవరి పక్షమూ పట్టక్కర్లేదు.

ఇక మన సంగతి. మనకు నిర్బంధ సైనిక చట్టం లేదు, ఆ యుద్ధాలు మనవి కావు, మనమేం అడుగుతాం అనిపిస్తుంది. నెల్లూరు పక్కన ఇందుకూరుపేట మండలం పల్లిపాడులో పెన్న ఒడ్డున సత్యాగ్రహ ఆశ్రమం ఉంది. 1921 ఏప్రిల్ 7న గాంధీ వచ్చి ప్రారంభించాడు. 1918లో సైన్యంలో చేరమన్న గాంధీయే, 1940 అక్టోబరులో వినోబా భావేతో వ్యక్తి సత్యాగ్రహం మొదలుపెట్టించాడు. మనుషులతో గానీ డబ్బుతో గానీ బ్రిటిష్ వారి యుద్ధానికి సాయపడటం తప్పు అన్నదే అందులో చెప్పాల్సిన మాట. మనుషులు, డబ్బు. బాల్టిమోర్ పడవలవాళ్ళు లెక్క చూసుకున్నదీ ఆ కోవలోదే. దేశమంతా వేలమంది ఆ మాట చెప్పి జైలుకు పోయారు. వాళ్ళు ముందుగా జిల్లా మేజిస్ట్రేటుకు ఉత్తరం రాసేవాళ్ళు: ఫలానా రోజు, ఫలానా చోట నేను ఈ మాట అనబోతున్నాను అని. దాపరికం లేదు. ప్రభుత్వం ముఖం మీదే చెప్పడం.

పరాయి యుద్ధం పరాయిదిగా ఎప్పుడూ ఉండదు కూడా. 1990లో కువైట్‌ను ఇరాక్ ఆక్రమించినప్పుడు లక్షా డెబ్భై వేలమందికి పైగా భారతీయులను విమానాల్లో తెచ్చారు. ఇళ్ళలో పనికి వెళ్ళిన మన జిల్లాల ఆడవాళ్ళ గురించి ఇక్కడ ఇళ్ళలో పడ్డ టెన్షన్ ఆ వయసువాళ్ళకు గుర్తుండే ఉంటుంది. 2022లో ఉక్రెయిన్ నుంచి మెడిసిన్ పిల్లలు తిరిగొచ్చారు. అదే ఏడాది పొద్దుతిరుగుడు నూనె ధర చూసి షాపులో ప్యాకెట్ కింద పెట్టేసినవాళ్ళు ఎందరో. మన ప్రభుత్వం ఐక్యరాజ్యసమితిలో ఓటు వెయ్యకుండా తటస్థంగా ఉంది. రెండు వైపులా మాట్లాడగల దేశం మనది. అలాంటప్పుడు అడగడానికి మనకు అమెరికా మెన్నొనైట్ల కంటే తక్కువ దారేం లేదు.

ఈ మాటే బాబాయితో అన్నాను. "సరే, ఏమడుగుదాం రా, చెప్పు" అని లెక్కల పుస్తకంలోంచి తెల్లకాగితం చించాడు. మొదట నేను "యుద్ధాలు ఆపించాలని మనవి" అని రాశాను. ఆయన చదివి కొట్టేశాడు. "ఇది దేవుడికి రాసేది. ఎంపీకి ఆయన చెయ్యగలిగేది రాయాల."

గంటసేపు కూర్చున్నాం. చివరికి మూడు మాటలు మిగిలాయి. ఉద్యోగాలని నమ్మించి తీసుకెళ్తే రష్యా సైన్యంలో చిక్కుకున్న మన దేశపు కుర్రాళ్ళలో ఇంకా ఎంతమంది అక్కడున్నారు, వాళ్ళను తెచ్చేదాకా వదలొద్దు. అలా పంపిన ఏజెంట్ల మీద కేసులు ఏ దశలో ఉన్నాయో పార్లమెంటులో అడగండి. రెండు వైపులా ఖైదీలు, పిల్లలు ఇళ్ళకు చేరే మాటలకు మన దేశం చోటిస్తానని ముందుకు రావాలి.

బాబాయి మళ్ళీ ఒకసారి చదివాడు. ప్రార్థన అయ్యాక చర్చి గుమ్మం దగ్గర బల్ల వేసి, సంతకం పెట్టేవాళ్ళతో పెట్టిద్దామన్నాడు. పెన్నులు రెండు మూడు ఎక్కువ తెమ్మన్నాడు.